నైట్ డ్యూటీలు చేస్తూ ఎన్‌క్లెక్స్‌కు సిద్ధం కావడం: ప్రార్థన, నిద్ర, చదువు గురించి ఒక గుంటూరు నర్సు సమాధానం

సిస్టర్ గారూ, మీ ప్రశ్న నిదానంగా చదివాను. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో పనిచేస్తున్నారని, అమెరికాలో నర్సుగా పనిచేయడానికి రాయవలసిన ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్షకు ఏటీటీ, అంటే పరీక్ష రాయడానికి అనుమతి పత్రం, చేతికి వచ్చిందని, ఉదయం ఎనిమిదికి నైట్ డ్యూటీ దిగి వచ్చాక మధ్యాహ్నం పన్నెండు దాకా చదివి, నాలుగింటి వరకు మాత్రమే నిద్రపోతున్నారని, అయినా మాక్ టెస్టుల్లో మార్కులు తగ్గుతూ వస్తున్నాయని రాశారు. అమ్మగారు నలభై దినాల ఉపవాస ప్రార్థన చేయమంటున్నారని, కోచింగ్‌లో తోటివారు మాత్రం ప్రార్థనకు పెట్టే సమయంలో ఇంకో యాభై ప్రశ్నలు చేసుకోవచ్చు కదా అంటున్నారని, ఎవరి మాట వినాలో తెలియడం లేదని అన్నారు. పరీక్ష తేదీ మార్చుకోవాలా అని చివర్లో అడిగారు.

నేనూ గుంటూరులోనే చదివి, ఇక్కడి ఐసీయూల్లో పనిచేసి, ఇదే పరీక్ష రాసి, కొన్నేళ్లు అమెరికాలో మెడికల్ సర్జికల్ వార్డులో ఉద్యోగం చేసి తిరిగి వచ్చినదాన్ని. ఇప్పుడు మీలాంటి సిస్టర్లను ఈ పరీక్షకు తయారు చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ మార్కులు తగ్గడానికి మొదటి కారణం నిద్ర లేకపోవడమే. దేవుని మీద భారం వేశానని చెప్పుకునే మనిషి ఆ మాటను చేతల్లో చూపగలిగే మొదటి చోటు, వేళకు పుస్తకం మూసి పడుకోవడం. నా దృష్టిలో విశ్వాసానికి, ఆరోగ్యానికి, చదువుకు మధ్య ఉన్న సంబంధం ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

ముందుగా ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో చూద్దాం. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, మొత్తం ఐదు గంటలు. మధ్యలో తీసుకునే విరామాలు కూడా ఆ ఐదు గంటల్లోనే కలిసిపోతాయి. వాటిలో 15 ప్రశ్నలు మార్కుల లెక్కలోకి రావు, కానీ అవి ఏవో మనకు తెలియదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త పద్ధతిలో ఒకే రోగి కథ మీద వరుసగా ఆరు ప్రశ్నలు అడిగే కేస్ స్టడీలు వచ్చాయి. రోగిలో కనిపించిన లక్షణాల్లో ఏది ముఖ్యమో గుర్తించడం, దాని అర్థం తేల్చడం, ఏ సమస్య ముందో నిర్ణయించడం, ఏమేం చేయవచ్చో ఆలోచించడం, చేయడం, చేసిన తరువాత ఫలితం చూడడం అనే ఆరు అడుగుల మీద ఆ ప్రశ్నలు నడుస్తాయి. ఇదంతా జ్ఞాపకశక్తికన్నా ఎక్కువగా నిర్ణయశక్తికి పెట్టే పరీక్ష.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. డ్యూటీ మారేటప్పుడు రోగులను అప్పగించే హ్యాండోవర్ పూర్తయింది, నలుగురు రోగులు మీ చేతికి వచ్చారు, ముందుగా ఎవరి దగ్గరికి వెళ్తారు అని ప్రశ్న. మొదటివారు మధుమేహ రోగి, షుగరు 220 ఉంది. రెండోవారికి అపెండిక్స్ ఆపరేషనై రెండో రోజు, నొప్పి పదికి ఆరు అంటున్నారు. మూడోవారికి నిన్న థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది, మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంటున్నారు. నాలుగోవారు చాలాకాలంగా సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నవారు, ఆక్సిజన్ శాతం 90. అలసిన కన్ను నేరుగా 90 అనే అంకె మీద వాలుతుంది. ఆక్సిజన్ తగ్గింది, శ్వాస ముందు అన్న సూత్రం గుర్తొచ్చి నాలుగోది నొక్కేస్తుంది. విశ్రాంతి దొరికిన మెదడు ఒక్క క్షణం ఆగి, సీఓపీడీ ఉన్నవారికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంచడమే లక్ష్యమని, అంటే ఆయన తన మామూలు స్థితిలోనే ఉన్నారని గుర్తు చేసుకుంటుంది. థైరాయిడ్ తీసేటప్పుడు పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోతుంది, మూతి చుట్టూ తిమ్మిరి దానికి తొలి గుర్తు, అశ్రద్ధ చేస్తే స్వరపేటిక బిగుసుకుని శ్వాసే ఆగిపోవచ్చు. కాబట్టి ముందు వెళ్లవలసింది మూడోవారి దగ్గరికి. ఈ నలుగురి గురించిన సమాచారమంతా మీకు ఇప్పటికే తెలుసు. తెలిసినదాన్ని సమయానికి పక్కపక్కన పెట్టి చూడగలిగే శక్తి మాత్రం నాలుగు గంటల నిద్రతో రాదు.

మీరు రాసిన వేళలను బట్టి సాయంత్రం నాలుగింటికి లేచి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా, అంటే ఇరవై గంటలు మెలకువగా ఉంటున్నారు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి దిగిపోతుందని 1997లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం చూపించింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే మీరు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా చేసే ప్రశ్నలన్నీ బండి నడపడానికే పనికిరాని స్థితిలో చేస్తున్నవి. పైగా చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కనుక, చదివి నిద్ర మానుకోవడం వల్ల ఆ చదువులో చాలా భాగం నిలవకుండా పోతుంది. మాక్ టెస్టులో వచ్చే తక్కువ మార్కులు చూసి మీకు ఏమీ రాదని అనుకుంటున్నారు. ఆ మార్కులు చెబుతున్నది మీ అలసటను గురించి.

అందువల్ల నైట్లు ఉన్న వారంలో డ్యూటీ దిగిన వెంటనే చదవడం పూర్తిగా మానేయండి. ఇంటికి వచ్చి స్నానం చేసి, ఇడ్లీయో ఉప్మాయో తేలికగా తిని, తొమ్మిదిన్నర కల్లా పడుకోండి. గుంటూరు ఎండలో పగటి నిద్ర పట్టదని అందరూ అంటారు, నిజమే. అయితే కిటికీకి మందపాటి నల్లటి గుడ్డ కట్టి, ఫోను వేరే గదిలో పెట్టి, హాస్టల్లో ఉంటే తోటివారికి చెప్పి తలుపు మీద చిన్న కాగితం అంటించుకుంటే చాలా తేడా వస్తుంది. రాత్రి రెండు తరువాత టీ, కాఫీ తాగకండి. కాఫీలోని కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ తొమ్మిదిన్నరకు మీ నిద్రలో అడ్డుపడుతుంది. సాయంత్రం నాలుగున్నరకు లేచి, ముఖం కడుక్కుని, ఐదు నుంచి ఏడు దాకా రెండు గంటలు చదవండి. నైట్ల వారంలో ఆ రెండు గంటలు చాలు. ఆఫ్ రోజుల్లోనూ, డే డ్యూటీ వారాల్లోనూ ఎక్కువ చదవవచ్చు. మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను అడిగి నైట్లన్నీ ఒక వరుసలో వేయించుకోవడానికి ప్రయత్నించండి. రెండు నైట్లు, ఒక డే, మళ్లీ నైట్ అన్నట్టు పడే డ్యూటీలు శరీరాన్ని ఎక్కువగా దెబ్బతీస్తాయి. పరీక్షకు ముందు మూడు వారాలు పూర్తిగా డే డ్యూటీలో ఉండేలా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి, ఎందుకంటే పరీక్షలో కూర్చునేది పగటిపూట, ఆ వేళకు మీ శరీరం మేలుకుని ఉండడం అలవాటు చేసుకోవాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మీకు తెలియనిది లేదు. డ్యూటీలో రాత్రి పన్నెండుకు క్యాంటీన్ నుంచి వచ్చే బజ్జీలు, బిర్యానీ బదులు ఇంటి నుంచి పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు, ఒక పండు తీసుకువెళ్లండి. ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకోండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. రోగుల రిపోర్టులు రోజూ చూసే నర్సులు తమ రిపోర్టు ఏళ్ల తరబడి చూసుకోరు. రెండు పేజీలు చదివేసరికి కళ్లు మూతలు పడుతుంటే శ్రద్ధ లేదని తిట్టుకునే సిస్టర్లలో కొందరికి నిజానికి రక్తం తక్కువగా ఉంటుంది. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే వాటిని టీతో కలిపి వేసుకోకండి, టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట, రెండు గంటల ఎడం ఉంచి, నిమ్మరసంతో తీసుకుంటే మంచిది. రోజుకు అరగంట నడక కూడా ఉండాలి. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం వైపు సాయంత్రాలు నడిచేవారు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు, డ్యూటీ లేని రోజుల్లో వారితో కలవండి. నడిచేటప్పుడు చెవిలో క్లాసుల ఆడియో పెట్టుకోవద్దని నా మనవి.

ఇక ఉపవాసం సంగతికి వస్తాను. మీ అసలు బాధ ఇక్కడే ఉందని అనుకుంటున్నాను. అమ్మగారి మాటను తీసిపారేయవద్దు. ఆ తల్లి మీ కోసం చేయగలిగినదంతా చేయాలని తపిస్తున్నారు. అయితే నైట్ డ్యూటీలో వెంటిలేటర్ మీద ఉన్న రోగిని చూసుకునే నర్సు నలభై రోజులు ఒంటిపూట తిండితో ఉండడం మీకూ మంచిది కాదు, ఆ రోగికీ మంచిది కాదు. రాత్రి మూడింటికి కళ్లు తిరుగుతుండగా ఇన్సులిన్ లోడ్ చేయడం ఏ ప్రార్థనలోనూ భాగం కాదు. ఇది అమ్మగారికి చెప్పడానికి ఏలీయా కథకన్నా మంచిది నాకు తెలియదు. ఆ ప్రవక్త భయపడి, అలసిపోయి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి వేడుకుని బదరీవృక్షం కింద పడి నిద్రపోయినప్పుడు, దేవదూత వచ్చి ఆయన్ను మందలించలేదు, ఇంకా ప్రార్థించమనీ చెప్పలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది కనుక తినమన్నాడు. ఆ తిండి బలంతో ఆయన నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు చేరాడు. మీ ఇంట్లో అందరికీ తెలిసిన ఈ నలభై రోజుల లెక్కలో ముందు వచ్చినవి నిద్ర, భోజనం. ఈ మాట అమ్మగారితో కూర్చుని చెప్పండి. ఆవిడ ఆరోగ్యం బాగుండి, షుగరు మాత్రలు లాంటివి లేకపోతే, ఆవిడే వారానికి ఒక పూట ఉపవాసం ఉండి మీ కోసం ప్రార్థిస్తారు. మీరు ఆ నలభై రోజులూ ఫోనులో వీడియోలు చూడడం మానుకుని, మిగిలిన సమయాన్ని నిద్రకు ఇవ్వండి. అదీ ఉపవాసమే, ఆవిడ ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఈ మాట క్రైస్తవులకే పరిమితం కాదు. నా దగ్గర చదివే హిందూ సిస్టర్లలో శనివారాలు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారు ఉన్నారు, రంజాన్ నెలంతా రోజా ఉండే ముస్లిం సిస్టర్లు ఉన్నారు. ఎవరి నియమం వారిది, దాన్ని మార్చమని నేను చెప్పను. ఆ రోజుల్లో మాక్ టెస్టు పెట్టుకోకుండా, తేలికపాటి పునశ్చరణ మాత్రం పెట్టుకుని, నిద్ర గంటలు ఒక్కటి కూడా తగ్గకుండా చూసుకోమని చెబుతాను.

ప్రార్థన వల్ల చదువుకు సమయం తగ్గుతుందనే మీ తోటివారి లెక్కతో నేను ఏకీభవించను. చదువుకు కూర్చునే ముందు పదిహేను నిమిషాలు, పడుకునే ముందు పది నిమిషాలు ప్రార్థన చేసుకునే మనిషికి రోజుకు ఒక మొదలు, ఒక ముగింపు ఏర్పడతాయి. ముగింపు లేని రోజు నైట్ డ్యూటీ నర్సుకు పెద్ద ప్రమాదం. ఇంకో పది ప్రశ్నలు, ఇంకో పది అంటూ నిద్ర మొత్తం కరిగిపోతుంది. పడుకునే ముందు ప్రార్థనలో ఆ రోజు మిగిలిపోయిన పాఠాల పేర్లు చెప్పి, వాటిని రేపటికి అప్పగించి లేవండి. ఆ రోజు మీరు చూసిన రోగుల పేర్లు కూడా ఆ ప్రార్థనలో రావాలని కోరుకుంటాను. ఈ పరీక్ష చివరికి అడిగేది మీ చేతిలో రోగి క్షేమంగా ఉంటాడా అనే ఒక్క ప్రశ్నే కనుక, రోగుల కోసం చేసే ప్రార్థనకూ మీ చదువుకూ మధ్య దూరం లేదు.

దేవునితో బేరం మాత్రం పెట్టుకోకండి. పాసైతే మొదటి జీతం ఇస్తాను, గుణదల కొండకు మోకాళ్ల మీద వస్తాను అనే మొక్కులు భక్తితోనే పుడతాయి, కాదనను. కానీ పరీక్ష గదిలో కష్టమైన ప్రశ్న రాగానే ఆ మొక్కు భయంగా మారుతుంది. అలాగే చర్చిలో కొందరు చెప్పే సాక్ష్యాలు, నేను ఏమీ చదవలేదు, దేవుడే రాయించాడు అనేవి, విని కలత చెందకండి. వాళ్లు కృతజ్ఞతతో చెబుతారు, తాము పడ్డ కష్టాన్ని తక్కువ చేసి చెబుతారు. వినే పిల్లలు మాత్రం చదవకుండా ఉండడమే విశ్వాసం అనుకుంటారు. మన ఊళ్లో ఆస్పత్రి పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ జీవితం ఇందుకు మంచి జవాబు. ఆమె లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చారు. అంతకు ముందే, 1879లో, పెన్సిల్వేనియాలోని మహిళా వైద్య కళాశాల నుంచి వైద్య పట్టా తీసుకుని ఉన్నారు. దేవుని పిలుపు ఉందని నమ్మిన మనిషి శరీరశాస్త్రం వదిలిపెట్టి రాలేదు. వచ్చిన తరువాత కూడా ఆస్పత్రి తెరిచే నాటికి 1898 వచ్చింది; ఆ పదిహేనేళ్లూ దొరికిన చోటల్లా స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేస్తూ, నిధుల కోసం, స్థలం కోసం ఎదురుచూశారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె పేరుతో ఉన్న ఆస్పత్రి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా భక్తి, చదువు, ఓపిక ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు గుర్తుకు వస్తుంది.

చదివే పద్ధతిలో మీరు మార్చుకోవలసినది ఒకటుంది. రోజుకు వందా యాభై ప్రశ్నలు చేస్తున్నానని రాశారు. నైట్ల వారంలో ముప్ఫై, మిగతా రోజుల్లో డెబ్బై అయిదు మించి వద్దు. ప్రశ్న చేయడానికి పట్టిన సమయానికి రెండింతలు దాని వివరణ చదవడానికి పెట్టండి, సరిగ్గా రాసిన ప్రశ్నకు కూడా వివరణ చదవండి. ఒక నోటుపుస్తకం పెట్టి, తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా తప్పు ఎందుకు వచ్చిందో ఒక్క మాటలో రాయండి: విషయం తెలియలేదా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, ముందు సరైనది ఎంచుకుని తరువాత మార్చారా. వారం చివర ఆ మాటలు లెక్కపెడితే దారి కనిపిస్తుంది. సరిగ్గా చదవని ప్రశ్నలే ఎక్కువగా ఉంటే అది నిద్రతో తీరిపోయే సమస్య, కొత్త పుస్తకాలు కొనవలసిన పని లేదు.

మన ఆస్పత్రుల్లో అనుభవం ఉన్న నర్సులు ఎక్కువగా తడబడేది మందుల దగ్గర కాదు, పనిని అప్పగించే ప్రశ్నల దగ్గర. పరీక్షలో సంరక్షణ నిర్వహణ అనే భాగానికే 15 నుంచి 21 శాతం వాటా ఉంది, మరే భాగానికీ అంత లేదు. ఇక్కడ మన వార్డుల్లో స్నానం చేయించేది రోగి బంధువులు, బెడ్‌పాన్ అందించేది ఆయమ్మ, మిగిలినదంతా సిస్టరే. అక్కడ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు), ఎల్‌పీఎన్ (ఆర్‌ఎన్ కింద పనిచేసే లైసెన్సు నర్సు), సహాయకులు అని మూడు అంచెలు ఉంటాయి. కొత్తగా చేరిన రోగిని మొదట పరిశీలించడం, రోగికి నేర్పించడం, నిలకడ లేని రోగి విషయంలో నిర్ణయం తీసుకోవడం ఆర్‌ఎన్ మాత్రమే చేయాలి. నిలకడగా ఉన్న రోగికి బీపీ చూడడం, నడిపించడం, తినిపించడం సహాయకులకు ఇవ్వవచ్చు. రెండో తడబాటు రోగి హక్కుల దగ్గర. మన దగ్గర క్యాన్సర్ అని తేలితే ముందు కొడుకును బయటికి పిలిచి చెబుతారు, రోగికి చెప్పవద్దని కుటుంబమంతా బతిమాలుతుంది. పరీక్షలో రోగి స్పృహలో ఉండి అర్థం చేసుకోగలిగితే సమాచారం మొదట రోగిదే, కొడుక్కి చెప్పాలన్నా రోగి అనుమతి కావాలి. మీరు డ్యూటీలో రోజూ చూసే పద్ధతికి విరుద్ధంగా జవాబు ఎంచుకోవలసి రావడం వల్ల మొదట్లో మనసు ఒప్పుకోదు. ఆ ప్రశ్నలు విడిగా తీసి వారానికి రెండు రోజులు చేయండి.

టెలిగ్రామ్ గ్రూపుల్లో పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ ఫైళ్లు అమ్ముతుంటారు. వాటిని తెరవకండి. ప్రశ్నలు బయటపెట్టనని ప్రతి అభ్యర్థీ పరీక్షకు ముందు ఒప్పుకుంటారు. వాటిని పంచుకున్నవారి ఫలితాలు రద్దు చేసే అధికారం నిర్వాహకులకు ఉంది. దొంగ ప్రశ్నలు చదువుతూ దేవుని సహాయం అడగడం ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి.

పరీక్ష రోజు గురించి కొన్ని మాటలు. మీరు హైదరాబాద్ కేంద్రం ఎంచుకున్నారు కాబట్టి, రాత్రి బండిలో వెళ్లి ఉదయం నేరుగా కేంద్రానికి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. ముందు రోజు గోల్కొండ లాంటి పగటి రైల్లో వెళ్లి, కేంద్రానికి దగ్గరలో బంధువుల ఇంట్లోనో గదిలోనో దిగి, దారి ఒకసారి చూసుకుని, ఆ సాయంత్రం పుస్తకం తెరవకుండా పడుకోండి. పాస్‌పోర్టులో పేరు, ఏటీటీలో పేరు ఒక్కటేనా అన్నది ఈ రోజే చూడండి. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు రావడం, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉండడం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మామూలే. రెండింటిలో తేడా ఉంటే కేంద్రం దగ్గర లోపలికి పంపరు. సరిచేయించుకోవడానికి సమయం పడుతుంది.

లోపల కూర్చున్నాక మీరు సరిగ్గా రాసేకొద్దీ కంప్యూటర్ కష్టమైన ప్రశ్న ఇస్తుంది, తప్పు రాస్తే కొంచెం తేలికైనది ఇస్తుంది, అందువల్ల బాగా రాస్తున్నవారికి కూడా సగం పోతున్నట్టే అనిపిస్తుంది. అలా అనిపించడాన్ని బట్టి ఏమీ తేల్చుకోకండి. 85 దగ్గర ఆగిపోవచ్చు, 150 దాకా సాగవచ్చు. ఎక్కువ ప్రశ్నలు వచ్చాయంటే ఇంకా నిర్ణయం కాలేదనే అర్థం. రెండు గంటల తరువాత విరామం ఇస్తామని తెర మీద కనిపిస్తుంది. తప్పకుండా లేవండి. నీళ్లు తాగి, ముఖం కడుక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని వచ్చి కూర్చోండి. ఐదు నిమిషాలు పోతే పోనీ.

ఫలితం అనుకున్నట్టు రాకపోతే విశ్వాసం చాలక పోయిందనే మాట ఎవరైనా అంటారు. ఆ మాటను లోపలికి రానివ్వకండి. తప్పినవారికి ఏ భాగంలో స్థాయికి దగ్గరగా ఉన్నారో, ఏ భాగంలో తక్కువో చెప్పే నివేదిక వస్తుంది, దాన్ని పట్టుకుని 45 రోజుల తరువాత మళ్లీ రాయవచ్చు. నిద్ర సరిచేసుకున్నా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి ఉంటే మాత్రం ఒంటరిగా ప్రార్థనతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మానసిక వైద్యులను కలవడంలో నర్సులే వెనకాడితే ఇక రోగులకు ఏమని చెబుతాం?

వాయిదా విషయం. ఈ రోజు మార్కులు చూసి తేదీ మార్చకండి, ఎందుకంటే అవి నిద్ర లేని మనిషి మార్కులు. పైన చెప్పిన వేళలతో మూడు వారాలు గడిపి, రోజుకు ఏడు గంటలు నిద్రపోయి, ఆ తరువాత ఒక ఆఫ్ రోజు ఉదయం పూర్తి నిడివి మాక్ టెస్టు రాయండి. అప్పటికీ మార్కులు కదలకపోతే, మార్చడం తప్పేమీ కాదు. పరీక్షకు కనీసం ఒక పూర్తి పనిదినం ముందే మార్చుకోవాలి, కొత్త తేదీ ఏటీటీ గడువు దాటకూడదు. మీ ఏటీటీ చివరి తేదీ ఏదో, వచ్చే నెల డ్యూటీలు ఎలా వేశారో రాయండి. వాటిని చూసి వారం వారీగా వేళలు వేసి పంపుతాను.